నెస్టర్‌కి చేరని కవరు

"అయితే ఆ కవరు ఇప్పటికి గూడ నీ దగ్గర్నే ఉందా అక్కా?"

"ఉందే నళినీ, ఎక్కడికి పోతుంది! పోయినసారి సరిగ్గా అక్కడిదాకా వచ్చేసరికే కదా మీ ఆయన బయట హారన్ కొట్టాడు. ఇవాళ లేబర్ డే, అందరికీ సెలవు. తీరిగ్గా కూర్చో. ఆ చిక్కుళ్ళు ఇటు జరుపు."

"జరుపుత గని, ముందుగాల సంగతి చెప్పు. ఆ మనిషికి పోవాల్సిన కవరు నీ దగ్గరెందుకుంది?"

ప్రమోద చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. పెరట్లో కాసిన కాయలు అవి. కార్వర్‌విల్‌లో వేసవి ఇలా వచ్చి అలా పోతుంది, ఆ కాస్తలోనే పాదు విరగకాసింది. నళినిది హనుమకొండ. బ్యాంకులో కంప్యూటర్ల పని మీద ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది. బేస్‌బాల్ అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, ఆట ఉన్న రోజు నది పక్క రోడ్డు మీద కారు కదలదని. అలాంటి మనిషికి ఈ కథ చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి. ప్రమోదకేమో మొదట్నుంచీ చెప్పడమంటే ప్రాణం. తొమ్మిదేళ్ళు గుడివాడ మునిసిపల్ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి మరి, ఎనిమిదో క్లాసు పిల్లకి అర్థమయ్యేలా చెప్పకపోతే తోచదు.

పంతులమ్మగా తొమ్మిదేళ్ళు వెలిగి, భర్త కృష్ణమోహన్ గాజు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చేసరికి ఏమైందంటే, చదువంతా తెలుగులో చదివిన ప్రమోదకి ఎదురింటావిడ "హౌ ఆర్ యూ" అన్నా గుండె దడదడలాడేది. ఆ మొదటి వేసవిలో వంటింట్లో రేడియో పెట్టుకుంది. అందులో ఎప్పుడూ ఒకే గొంతు. ఊరి జట్టు బార్జ్‌మెన్ ఆడే ప్రతి ఆటా, మూడు గంటల సేపు, ఒకాయన కబుర్లు చెప్పినట్టు చెప్పేవాడు. మాటలు అర్థం కాకపోయినా అంకెలు అర్థమయ్యేవి. ఎన్ని బంతులు, ఎన్ని పరుగులు, ఎవడి సగటు ఎంత. అంకెలు పట్టుకుని మాటల్లోకి దిగింది. రెండేళ్ళకి ఇంగ్లీషు వచ్చేసింది. కానీ మొత్తం ఆయన బాణీలోనే వచ్చింది. "పాలు పొంగాయని చెప్పినా నువ్వు మ్యాచ్ పోయినట్టే చెప్తావే" అని కృష్ణమోహన్ నవ్వేవాడు.

డెబ్భై ఎనిమిదిలో ఆ జట్టు ఆఫీసులోనే జీతాల విభాగంలో క్లర్కు ఉద్యోగం పడింది. స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది. గోడకి అవతలివైపుకి తెరుచుకునే ఒక చిన్న అర, అందులోంచి ఆటగాళ్ళకి జీతం చెక్కులు ఇవ్వాలి. ఆరడుగుల మనుషులు వంగి, తలకాయ మాత్రం కనిపించేలా నిలబడి, "థాంక్స్ హనీ" అని చెక్కు తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళకి ఆమె పేరు తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు. గుడివాడలో బజారుకెళ్తే "నమస్తే టీచర్" అని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినపడేది. ఇక్కడ ఆమె గోడలో ఒక అర.

"ఏడాదికి వచ్చాడు నెస్టర్. నెస్టర్ పెర్డోమో. డొమినికన్ దేశంలో బొనావో అని వాళ్ళ ఊరు. క్యాచర్."

"క్యాచర్ అంటే?"

"బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు చూడు, మొహానికి జాలీ కట్టుకుని. వాడు. మోకాళ్ళు అరిగిపోయే పని. మొదటి చెక్కు తీసుకుని అందరిలా పోలేదు. కాయితం నా వైపు తిప్పి, ఇదేంటి, ఇదేంటి, ఇది ఎందుకు కోశారు అని ఒక్కొక్కటీ అడిగాడు. వాడి ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అధ్వాన్నం! నేను పెన్సిలు తీసి, ఒక రొట్టె బొమ్మ గీసి, ఈ ముక్క గవర్నమెంటుకి, ఈ ముక్క యూనియన్‌కి అని చెప్పాను. చివరిదాకా విన్నాడు. విని, తలకాయ ఇంకాస్త లోపలికి పెట్టి, 'యూ ఆర్ టీచర్' అన్నాడు. అడగలేదే నళినీ. చెప్పాడు."

ఆ రోజు నుంచి నెస్టర్ ఆమెను ప్రొఫెసోరా అని పిలిచాడు. వాళ్ళ భాషలో పంతులమ్మ అని. అయిదేళ్ళు, పదిహేను రోజులకోసారి, అర దగ్గర ఆ మాట వినపడేది. ఆ మాట కోసం చెక్కుల రోజున ప్రమోద మంచి చీర కట్టుకుని వెళ్ళేదంటే నమ్మాలి. మామిడికాయ ఊరగాయ రుచి చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ కావాలన్నాడు. హార్లిక్స్ సీసాలో పెట్టి ఇచ్చింది. సీసా కడిగి వట్టిది తెచ్చి ఇస్తే, "మా వైపు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరయ్యా, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు" అని చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడూ వట్టి సీసా తేలేదు. ఒకసారి నాలుగు చాక్లెట్లు, ఒకసారి నిమ్మకాయ, ఒకసారి ఏమీ దొరక్క సంతకం చేసిన బంతి సీసా మూతి మీద కూర్చోబెట్టి తెచ్చాడు.

"మంచిగుంది గని, కవరెప్పుడొస్తదక్కా?"

"వస్తుందే తల్లీ, చలికాలం రానీ! మా ఆఫీసులో అసలు ఆట మొదలయ్యేది చలికాలంలోనే."

అక్టోబరులో ఆటలైపోతాయి. స్టేడియం ఖాళీ. కుర్చీల మీద మంచు. ఆఫీసులో మిగిలేది ఆరుగురు. అప్పుడు జనరల్ మేనేజరు డాబ్సన్ తన గదిలో గోడకున్న బెండు పలక మీద కార్డులు గుచ్చడం మొదలుపెట్టేవాడు. కార్డుకొక ఆటగాడి పేరు. జట్టు పట్టీలో నలభై పేర్లకే చోటు. పైగా కార్వర్‌విల్ ఏమన్నా మహానగరమా? చిన్న ఊరు, టికెట్లమ్మితే వచ్చేది అంతంతమాత్రం. జట్టు ఓనరు పరుపుల వ్యాపారి. నవంబరులో ఒక అంకె చెప్పేవాడు, జీతాలన్నీ కలిపి దాన్ని దాటకూడదు. పైవరసలో కార్డున్నవాడు ఉంటాడు. కిందవరసలోకి జారినవాడి పని అయిపోయినట్టే. ప్రమోద కాఫీ కప్పు పట్టుకుని ఏదో వంకన ఆ గదిలోకి వెళ్ళి, ఎవరు ఎక్కారో ఎవరు జారారో చూసి వచ్చేది, పదో తరగతి రిజల్టు చూసుకున్నట్టు.

ఎనభై మూడు చలికాలంలో నెస్టర్ కార్డు కిందికి జారింది. జట్టు ఆ ఏడు తొంభై ఆరు ఆటలు ఓడిపోయింది. నెస్టర్‌కి ముప్పై మూడేళ్ళు. బ్యాటు పట్టుకుంటే సగటు మరీ తక్కువ. ఓనరు అంకె ఇంకా తగ్గించాడు.

"నేనేం చేశానో తెలుసా? ఇంటికొచ్చి రూళ్ళ పుస్తకం తీశాను. రేడియో వింటూ అయిదేళ్ళు రాసుకున్న పుస్తకం. వాడు బ్యాటుతో కొట్టింది అందరూ చూస్తారు, వాడు క్యాచర్‌గా కూర్చున్న రోజున అవతలివాళ్ళు ఎన్ని కొట్టారో ఎవరు చూశారు? నేను చూశాను. నెస్టర్ ఎదురుగా ఉంటే మన పిల్లకాయలు బంతి ధైర్యంగా విసురుతారు. వాడు పట్టిన ఆటల్లో అవతలి జట్టుకి సగటున మూడు ముప్పావు పరుగులు. వేరేవాడు పట్టిన ఆటల్లో దాదాపు అయిదు. ఎనిమిదో క్లాసు లెక్క! రెండు రాత్రులు కూర్చుని ఒక తెల్లకాయితం మీద వేసి, డాబ్సన్ బల్ల మీద పెట్టాను."

"తిట్టిండా?"

"చాలాసేపు చూశాడు. 'హూ టాట్ యూ దిస్?' అన్నాడు. ఎవరూ నేర్పలేదు సార్, నేనే పిల్లలకి నేర్పేదాన్ని అన్నాను. మర్నాడు కాఫీ పట్టుకుని వెళ్ళి చూస్తే, కార్డు కిందా లేదు, పైనా లేదు. మధ్యలో ఉంది!"

అలా మధ్యలోనే మూడు వారాలుంది. ప్రమోదకి అన్నం సయించలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇక ఆ ఆటలో గడువు ఒకటుంది. డిసెంబరు ఇరవై. ఉంచుకోవాలనుకున్న ప్రతి ఆటగాడికీ వచ్చే ఏటి ఒప్పందం ఆ తేదీలోగా పోస్టులో వెయ్యాలి. కవరు మీద ఆ రోజు పోస్టాఫీసు ముద్ర పడాలి. పడకపోతే ఆ ఆటగాడు ఎక్కడికైనా పోవచ్చు, జట్టుకి వాడి మీద హక్కు లేదు. మిగతా అందరి కవర్లూ వారం ముందే వెళ్ళిపోయాయి. నెస్టర్‌ది తేలలేదు. ఓనరు అవునూ అనడు, కాదూ అనడు.

ఇరవయ్యో తారీకు మంగళవారం. మధ్యాహ్నం రెండున్నరకి ఓనరు ఫోన్ చేసి, "సరే, ఒక్క ఏడాది" అన్నాడు. డాబ్సన్ సంతకం చేసి, కవరు ప్రమోద చేతిలో పెట్టాడు. "నీ లెక్కే గెలిచింది. నువ్వే వేసి రా. బ్రిడ్జి అవతల పెద్ద పోస్టాఫీసు ఆరింటి దాకా ఉంటుంది" అన్నాడు.

చెప్తున్న ప్రమోద చెయ్యి చిక్కుడుకాయ మీద ఆగిపోయింది.

"ఇంకేం, పోయి వేస్తివి గద."

"కోటు వేసుకున్నాను. కారు తాళాలు తీశాను. టైము చూశాను. మూడుకి పది నిమిషాలు. బ్రిడ్జి దాటి కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి మూడూ అయిదు అవుతుంది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర."

"రాహుకాలమా?"

"రాహుకాలమే. గుడి వాళ్ళ క్యాలెండరు నా బల్ల మీదే ఉండేది. మా ఆయన ఎప్పుడూ ఎగతాళి చేసేవారు, రాహువుకి ఈ దేశం వీసా ఎవడిచ్చాడు, ఇక్కడ మూడంటే మన దగ్గర అర్ధరాత్రి దాటి ఒకటిన్నర, ఏ టైము ప్రకారం చూస్తావే అని. నేను వినేదాన్ని కాదు. ఏ పనికీ అంత పట్టింపు లేకపోయినా మంచి పనికి చూసేదాన్ని. ఇదేమో ఎంత మంచి పని! మూడు వారాలు తిండి మానేసి గెలిచిన పని. పోయి పోయి రాహుకాలంలో వాడి నుదుట ముద్ర వేయిస్తానా? గంటన్నరే కదా, ఆరింటి దాకా తెరిచే ఉంటుంది కదా అని కోటు విప్పి కూర్చున్నాను. స్టాంపులు నేనే అంటించాను. ఒకటి చాలు, మూడంటించాను. నాలుగున్నర అయ్యేదాకా కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను నళినీ. ఎంత సంతోషంగా కూర్చున్నానో!"

నాలుగున్నరకి బయటికొస్తే వాన. మామూలు వాన కాదు, పడీ పడగానే గడ్డకట్టే వాన. కారు అద్దం గోకడానికే పది నిమిషాలు. బ్రిడ్జి మొదట్లో పోలీసు ఎర్ర దీపం పట్టుకుని ఉన్నాడు. ట్రక్కు జారి అడ్డం తిరిగింది, దారి లేదు, వెనక్కి పొమ్మన్నాడు. ఎప్పుడు జారిందని అడిగితే, ఇప్పుడే, నాలుగున్నరకి అన్నాడు. ఇంకో బ్రిడ్జి నది ఎగువన పన్నెండు మైళ్ళ దూరం. కారుని నడకలా నడిపింది. ఆరూ పదికి పోస్టాఫీసు అద్దం తలుపు దగ్గర నిలబడింది. లోపల ఒకాయన నేల తుడుస్తున్నాడు. ఆమె కవరు ఎత్తి చూపించింది. ఆయన పాపం జాలిగానే చెయ్యి ఊపి, గోడ గడియారం వైపు చూపించాడు.

మర్నాడు డాబ్సన్‌తో, బ్రిడ్జి మూసేశారు సార్ అంది. అదీ నిజమే కదా. పేపర్లో ట్రక్కు ఫోటో కూడా పడింది. డాబ్సన్ ఓనరుకి ఫోన్ చేశాడు, పోనీ ఇప్పుడైనా పిలిచి మాట్లాడదామా అని. ఓనరు నవ్వాడట. చేతిలోంచి జారినవాణ్ణి మళ్ళీ కొనుక్కోమంటావా, ఆ మంచు మనకి మేలే చేసింది అన్నాడట. వారం తిరక్కుండా సముద్రం పక్కనున్న పెద్ద జట్టు నెస్టర్‌ని తీసుకుంది. జీతం ఇక్కడికంటే రెండింతలు.

"మరింకేంది అక్కా! ఆయనకు మంచే జరిగె. రెండింతల జీతమాయె. నువ్వెందుకు గింత బాధపడుడు?"

"జనవరిలో పెట్టె సర్దుకోడానికి వచ్చాడు. అర దగ్గరికి వంగాడు. చేతిలో నా హార్లిక్స్ సీసా. 'ప్రొఫెసోరా, ఫైవ్ ఇయర్స్. నో లెటర్?' అన్నాడు. అంతే. జీతం గురించి కాదే. ఉత్తరం గురించి. వీళ్ళు నన్ను వద్దనుకున్నారా అని అడుగుతున్నాడు. కవరు నా బల్ల సొరుగులో ఉంది. నా చెయ్యి సొరుగు పిడి మీదే ఉంది. చెప్పాలి. నీకోసం లెక్క వేశాను, నువ్వు కావాలన్నారు, సంతకం కూడా అయింది, నేనే గంటన్నర ఆపాను అని చెప్పాలి. నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? 'స్నో' అన్నాను."

"ఆయనేమన్నడు?"

"మా ఊళ్ళో మంచు పడదు, అదేం చేస్తుందో నాకు తెలీదు ప్రొఫెసోరా అన్నాడు. సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు. వట్టిది ఇవ్వలేదు. వాళ్ళ ఊరి కాఫీ గింజలు సగానికి పోసి తెచ్చాడు."

ప్రమోద లేచి బీరువా పై అరలోంచి సీసా దించింది. గింజలు రంగు మారి, వాసన పోయి, అలాగే ఉన్నాయి. ఆరేళ్ళు కావస్తోంది. ఆ తర్వాత ఆ గోడ అర దగ్గర ఆమెను ఎవరూ ప్రొఫెసోరా అనలేదు. మంచి చీర కట్టుకుని వెళ్ళడం మానేసింది. చలికాలం కార్డులు చూడ్డానికి వెళ్ళడమూ మానేసింది. ఇప్పటికీ రేడియో పెడుతుంది, క్యాచర్ పేరు చెప్పేటప్పుడు మాత్రం ఏదో ఒక గిన్నె కడుగుతూ ఉంటుంది.

గరాజు తలుపు దగ్గర అలికిడయింది. కృష్ణమోహన్. గడ్డి కోసే మిషను రిపేరు చేస్తున్న చేతులు నల్లగా ఉన్నాయి. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో.

"అయితే బ్రిడ్జి కాదన్నమాట" అన్నాడు.

"బ్రిడ్జీ ఉందండీ."

"నాతో కూడా బ్రిడ్జనే చెప్పావు."

"మీరు నవ్వుతారని."

కృష్ణమోహన్ నవ్వలేదు. సింకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ గింజలతో కాఫీ పెట్టవేంటా అనుకున్నాను" అన్నాడు తుండుతో తుడుచుకుంటూ.

నళిని ఇద్దర్నీ చూసి, మాట మార్చాలని, "ఇప్పుడేడున్నడాయన?" అంది.

ఫ్లారిడాలో ఉన్నాడు. ఆట మానేసి పిల్లలకి నేర్పుతున్నాడు. పోయిన నెల ఊరి పేపరువాళ్ళు పాత ఆటగాళ్ళంతా ఎక్కడున్నారో వెతికి రాశారు. అందులో నెస్టర్ మాట ఒకటి ఉంది. ప్రమోద ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది. తీసి చదివింది. కార్వర్‌విల్‌లో అయిదేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నాను, చివరికి నాకోసం ఒక్క స్టాంపు ఖర్చు పెట్టలేదు అన్నాడు.

"మూడు స్టాంపులే నళినీ! మూడంటించాను!"

కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంచులు పసుపుపచ్చగా అయ్యాయి. పైన ఆమె టైపు చేసిన పేరు, కుడి మూల వరసగా మూడు స్టాంపులు, ముద్ర లేకుండా. చిక్కుడు ఈనెలు దాని మీద పడకుండా నళిని పళ్ళెం దూరంగా జరిపింది.

"నంబరు దొరకదా?"

"దొరికింది. అదే కదా నా గొడవ. శుక్రవారం పెన్షన్ కాయితం ఒకటి వచ్చింది నా బల్ల మీదికి, నెస్టర్‌ది. కింద వాడి చేతిరాతతోనే ఫోన్ నంబరు రాశాడు. ఏడుని అడ్డంగా గీత గీసి రాస్తాడు వాడు, ఇప్పటికీ అలాగే రాశాడు. ఒక గడి నింపడం మర్చిపోయాడు. అది అడగడానికైనా నేనే ఫోన్ చెయ్యాలి."

"గడి గురించి అడిగి పెట్టేస్తవా, ఇది గూడ చెప్తవా?"

"ఇదే ముందు చెప్తాను. గడి సంగతి తర్వాత."

"తిడతడేమో అక్కా."

"తిట్టనీ. ఏ భాషలో తిట్టినా ముందు నన్ను పిలవాలి కదా. ఏమని పిలుస్తాడో వినాలి."

కృష్ణమోహన్ గోడ క్యాలెండరు వైపు చూశాడు. అలవాటుగా నవ్వొచ్చి, ఆపుకున్నాడు. "రేపు మంగళవారం" అన్నాడు మెల్లగా. "నీకు ఇబ్బందైతే బుధవారం చెయ్యి. ఒక్కరోజే కదా."

"అవు అక్కా, బుధవారం చెయ్యరాదు?"

ప్రమోద పర్సులోంచి పెన్ను తీసి, గోడ దగ్గరికి వెళ్ళి, రేపటి గడిలో రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర అని ఎర్ర అక్షరాలున్న చోట, వాటి మీదే, ఫ్లారిడా నంబరు రాసింది. ఏడుకి అడ్డగీత కూడా గీసింది.

"రేపే. మూడూ అయిదుకి, ఆఫీసు నుంచే" అంది. "ఏవండీ, ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టారు? ఆ ఆకుపచ్చ చీర తియ్యాలి."